ఉద్దానం ఎలుగు మూడో రూపం ఎందుకు కుదరట్లేదు? పాత పోకెమాన్ డిజైన్లే గొప్పవన్నది నిజమేనా?

జీడితోట_27:

రెండు ప్రశ్నలు. విడివిడిగా అడగొచ్చు గానీ రెండోదాని జవాబు మొదటిదాంట్లోనే ఉందని నా అనుమానం, అందుకే ఒకేచోట పెడుతున్నా.

మొదటిది పాత తగువే. జీవుల్ని పట్టి పెంచి పోరాడించే జపాన్ ఆట పోకెమాన్‌లో మొదటి 151 మాత్రమే బొమ్మలనీ, తర్వాత వచ్చినవన్నీ చెత్తసంచీ, ఐస్‌క్రీమూ, తాళాల గుత్తీ అనీ అంటారు. ట్రబిష్, వానిలైట్, క్లెఫ్కీ పేర్లు చెప్పి నవ్వుతారు. నా లెక్కలో వస్తువుని జీవిగా మార్చడం తప్పు కాదు, జీవి మీద సామాను ఎక్కించడం తప్పు. ఈమధ్య జీవి పెరిగి మారే మూడో రూపాలు చాలా వరకు పెళ్లికొడుకులా ఉంటున్నాయి. తలపాగా, దండ, కండువా, బాసికం అన్నీ ఉంటాయి, మొహం ఒక్కటే కనపడదు. ఇది నా చిన్ననాటి మోజేనా, లేక డిజైన్‌లో నిజంగానే ఏదన్నా మారిందా?

రెండోది మా పని. జీవుల్ని పట్టి పెంచే చిన్న ఆట, అంతా సిక్కోలు (శ్రీకాకుళం) జంతువులు, పక్షులతో. బొమ్మ 64×64 పిక్సెళ్లు, 15 రంగులు, పదహారోది పారదర్శకం. ఉద్దానం ఎలుగుబంటికి మూడు రూపాలు అనుకున్నాం. మొదటిది నెత్తిమీద జీడిపండు పెట్టుకున్న పిల్ల. రెండోది కాస్త పెద్దది, చేతిలో జీడికొమ్మ. మూడోది నిలబడ్డ ఎలుగు: ఛాతీ మీద తప్పెటగుళ్ల తప్పెట, భుజాల మీద కొబ్బరిమట్టల కవచం, నడుముకి పొందూరు ఖద్దరు పంచె, వీపున చేపల వల. ఏ ముక్కకా ముక్క బాగుంది. కలిపి చూస్తే గోనెసంచుల గుట్ట. రంగులు 22 తేలాయి. ఎవరికి చూపించినా "ఇదేటి, గొరిల్లానా?" అంటున్నారు.

ఏది తీసెయ్యాలో, ఎందుకు తీసెయ్యాలో చెప్పండి. "సింపుల్‌గా చెయ్" అని ఒగ్గేస్తే నాకు పని జరగదు.


గంటస్తంభం:

మొదటి ప్రశ్నకి: సగం మోజు, సగం గేమ్ బాయ్ (చేత్తో పట్టుకుని ఆడే నింటెండో ఆటపెట్టె) తెర.

1996 ఫిబ్రవరిలో జపాన్‌లో మొదటి పోకెమాన్ ఆటలు రెడ్, గ్రీన్ వచ్చినప్పుడు తెర మొత్తం కలిపి 160×144 పిక్సెళ్లు, నాలుగే ఛాయలు. పోరులో ఎదుటి జీవికి దక్కే చోటు ఎంత పెద్దదైనా 56×56. అంటే 8×8 గళ్లు అడ్డంగా ఏడు, నిలువుగా ఏడు. చిన్న జీవులకి 40×40తోనే సరిపెట్టారు. మనవైపు జీవి వీపు బొమ్మ ఇంకా అన్యాయం, 32×32లో గీసి రెండింతలు సాగదీసేవారు. అంత చోటులో పంచె, వల, కవచం గీద్దామన్నా పట్టవు. దాన్ని డిజైనర్ల సంయమనం అనుకుని మనం మెచ్చుకుంటున్నాం గానీ, అది తెర పెట్టిన పస్తు. 1999లో గోల్డ్, సిల్వర్ రంగుల్లో వచ్చినా ఒక్కో జీవికి నలుపు, తెలుపు కాక ఇంకో రెండు రంగులే. 2002లో రూబీ, సఫైర్‌తో 64×64, 16 రంగులు వచ్చాయి. నువ్వు ఎంచుకున్న కొలత అదే. 2013లో ఎక్స్, వై నుంచి మొత్తం త్రీడీ. ఇక అక్కణ్నుంచి అడ్డు చెప్పే తెర లేదు, గీసేవాళ్లే అడ్డు చెప్పుకోవాలి.

అలాగని పాతవన్నీ బంగారమూ కాదు. వోల్టార్బ్ రంగేసిన బంతి. మాగ్నెమైట్ అయస్కాంతాలు తగిలించిన ఇనుపగుండు. గ్రైమర్ మురుగు. మూడు మాగ్నెమైట్లు కలిస్తే మాగ్నెటాన్, మూడు డిగ్లెట్లు కలిస్తే డగ్‌ట్రియో. 1996లో దాన్ని తెలివి అన్నారు, 2010లో వానిలక్స్‌కి రెండో తల పెడితే బద్ధకం అన్నారు. పైగా జపాన్ రెడ్, గ్రీన్‌లలో ఉన్న తొలి బొమ్మలు చాలావరకు వంకరటింకర. జపాన్‌లో ఆ తర్వాత బ్లూ కోసం అన్నీ మళ్లీ గీశారు, బయటి దేశాలకి వెళ్లిన రెడ్, బ్లూలలో ఉన్నవి ఆ రెండో గీతలే. మనం అసలు అనుకునేది దిద్దిన ప్రతి. పికాచు కూడా మొదట్లో బొండాంలా ఉండి, తర్వాత సన్నబడింది.

కొత్తవాటిలోనూ 2019 నాటి వూలూ చూడు: ఉన్నిబంతి, నాలుగు కాళ్లు, రెండు జడలు, అంతే. స్నామ్ అయితే మంచుగడ్డ మోస్తున్న పురుగు. పదేళ్ల పిల్ల కూడా చూడకుండా గీసేస్తుంది. వానిలైట్ కూడా జేమ్స్ టర్నర్ గీసిన చక్కటి పని. దాని వెనక ఆలోచన మంచుసూది ప్రాణం పోసుకోవడం, నెత్తిమీది మంచు పొరే మనకి ఐస్‌క్రీంలా కనపడుతుంది. కాబట్టి నీ మాటే సరి: వస్తువా జంతువా అన్నది కాదు తేడా. బొమ్మ దేని గురించో ఒక్క ముక్కలో చెప్పగలమా లేదా అన్నది తేడా. ట్రబిష్‌ని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నీ మూడో ఎలుగుని చెప్పాలంటే జిల్లా గెజిటీరు తియ్యాలి.

గొరిల్లా ఎందుకు అంటున్నారో పట్టుకోవడం తేలిక. ఫైలు ప్రతి ఒకటి తీసి, పారదర్శకం కాని ప్రతి పిక్సెల్‌నీ నలుపుతో నింపు. నియరెస్ట్ నైబర్ (కొత్త రంగులు పుట్టించకుండా ఉన్న పిక్సెల్‌నే తీసుకునే) పద్ధతిలో 32×32కి తగ్గించు (వేరే పద్ధతి వాడితే అంచులు మసకబారి పరీక్ష పనికిరాదు). ఇంతకు ముందు చూడని మనిషికి రెండు సెకన్లు చూపించి తీసెయ్. "ఏ జంతువు" అని అడక్కు, "ఏం కనపడింది" అని అడుగు. ఐదుగురిలో ముగ్గురైనా ఎలుగు అనాలి.

నీ వర్ణనని బట్టి చెప్తున్నా: ఎలుగు నిటారుగా నిలబడి నేరుగా మనల్ని చూస్తోంది కదా? అప్పుడు మూతి మొహంలో కలిసిపోతుంది. మూతి కనపడని ఎలుగుకి, గొరిల్లాకి నల్లనీడలో తేడా ఉండదు. దానిమీద కొబ్బరిమట్టలు భుజాల్ని వెడల్పు చేసేశాయి. ఎదుటి జీవి తెర కుడివైపు పైన ఉండి ఎడమకి చూస్తుంది కాబట్టి తల ఎడమవైపు తిప్పి, మూతి ఛాతీ గీత దాటి కనీసం 6 పిక్సెళ్లు బయటికి రానీ. మిగతా సామాను సంగతి తర్వాత చూద్దాం.


వంశధార_ఒడ్డు:

సామాను తీసేముందు జంతువునే సరిగ్గా గియ్యండి బాబూ. మీరు గీసింది బొమ్మల దుకాణంలో అమ్మే టెడ్డీ ఎలుగు. మన ఎలుగు అది కాదు.

మన అడవి ఎలుగు ఒళ్లంతా పొడుగు, చింపిరి జుట్టు, మెడ చుట్టూ ఇంకా ఒత్తుగా. చెవులు పెద్దవి, వాటిమీదా జుట్టు వేలాడుతుంది. మూతి పొడుగ్గా, పాలిపోయిన రంగులో ఉంటుంది, అందుకని నల్ల ఒంటి మీద ముందు మూతే కనపడుతుంది. ఛాతీ మీద మీగడ రంగు నామం, వీ ఆకారంలో. ముంజేతి గోళ్లు వంకరగా, దాదాపు 10 సెంటీమీటర్లు, చెదపుట్టలు తవ్వడానికి. పైదవడలో మధ్య రెండు పళ్లు ఉండవు, ఆ సందులోంచి చెదల్ని గాలితో సహా పీల్చేస్తుంది. కింది పెదవి వేలాడుతుంది. తల్లి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. ఇందులో ఒక్కటీ మీ బొమ్మలో లేదు, పంచె మాత్రం ఉంది!

64 పిక్సెళ్లలో ఇవన్నీ కూడా పట్టవు. నా ఓటు మూడింటికి: పొడుగు మూతి, జుట్టు వేలాడే చెవులు, గోళ్లు. నీడలో కనపడేవి ఇవే. నామం నీడలో కనపడదు గానీ రంగులో పనికొస్తుంది, ఉంచండి. పళ్ల సందు ఒగ్గీండి, ఒక పిక్సెల్ కూడా రాదు.

ఇప్పుడు జీడి. నెత్తిమీద పండు పెట్టడం అలంకారం. జీడి ఏం చేస్తుందో అది ఎలుగు చెయ్యాలి. జీడిపిక్క పండుకి కింద, బయట వేలాడుతుంది. పిక్క తొక్కలో ఉండే జీడినూనె చర్మం మీద పడితే పొక్కులు లేస్తాయి, అందుకే పలాసలో పిక్క కొట్టేవాళ్లు వట్టి చేతుల్తో ముట్టుకోరు. పండు తియ్యన, తొక్క మంట. జీవికి ఇంతకన్నా మంచి గుణం ఏం కావాలి? ఎండాకాలంలో జీడిపళ్ల కోసం, పనసపళ్ల కోసం ఎలుగులు తోటల్లోకి రావడం ఉద్దానంలో అందరికీ తెలిసిందే. పళ్లు తిని తిని ఒంటికి జీడి పట్టిన ఎలుగు. తాకితే కాలుతుంది. పోకెమాన్‌లో ఫ్లేమ్ బాడీ అనే గుణం ఉన్నదాన్ని తాకితే 30 శాతం అవకాశంతో కాలిన గాయం అవుతుంది. మీరూ అలాంటిదే పెట్టండి, కాకపోతే నిప్పు జాతి వద్దు, విషం జాతి చెయ్యండి. నిప్పు అంటే మంట గియ్యాలనిపిస్తుంది, మళ్లీ సామాను మొదలు.

ఇంకో మాట. ఉద్దానంలో ఎలుగంటే ముద్దు కాదు, భయం. మనుషులు గాయపడ్డారు, పోయారు కూడా. మొదటి రూపం ముద్దుగా ఉన్నా, మూడోది నవ్వుతూ చెయ్యి ఊపేదిగా గియ్యకండి. చూసేవాళ్లలో కవిటి, సోంపేట పిల్లలుంటారు.


పిక్సెల్_బావు:

రంగుల సంగతి నేను చెప్తా. 22 రావడానికి కారణం పంచె, వల మాత్రమే కాదు. ఒక్కో వస్తువుకీ విడిగా వెలుగు, నడిమి, నీడ అని మూడేసి తీసుకున్నావు. ఏడు వస్తువులు, ఏడు మూళ్లు ఇరవయ్యొకటి, పైన అంచు గీత ఒకటి. అవునా?

ఎలుగు, జీడి మాత్రమే ఉంటాయనుకుని పంపకం ఇలా పెట్టు. జుట్టుకి 4. మూతి, నామం, గోళ్లకి కలిపి మీగడ రంగు 3. పండుకి 3. పిక్కకి 2. నోరు 1, కంటి తెలుపు 1, అంచు నలుపు 1. సరిగ్గా 15. పండు ఎరుపులో ముదురుదే నోటికి వాడేస్తే ఇంకొకటి మిగుల్తుంది, దాన్ని జుట్టుకి ఇవ్వు.

జుట్టుకి అసలు నలుపు వాడకు. నలుపు అంచుగీతకే. జుట్టు నలుపు, అంచు నలుపు ఒకటైతే లోపలి గీతలన్నీ మాయం, చెయ్యి ఎక్కడ మొదలైందో తెలీదు. ముదురు ఊదా కలిసిన నీలం తీసుకుని, నీడ ఇంకా నీలంగా, వెలుగు కొంచెం గోధుమగా తోయి. చూసేవాళ్లు దాన్ని నలుపనే అంటారు. పచ్చి పిక్క ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు, ఎండితే గోధుమ బూడిద. పచ్చిదే తీసుకో, ఎరుపు పక్కన ఆకుపచ్చే తేలుతుంది.

ఎక్కడెక్కడ చెడుతుందంటే:

పెద్ద బొమ్మ గీసి 64కి తగ్గించడం మొదటి తప్పు. తగ్గించేటప్పుడు సాఫ్ట్‌వేర్ అంచుల్లో మధ్య రంగులు పుట్టిస్తుంది, 15 కాస్తా 300 అవుతాయి. పెద్ద స్కెచ్ వెనక పొరలో పెట్టుకో తప్పులేదు, కానీ దానిమీద 64లోనే చేత్తో గియ్యి. పిక్సెల్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ అసెప్రైట్ అయితే స్ప్రైట్ మెనూలో కలర్ మోడ్ ఇండెక్స్‌డ్ చేసేసి మొదలెట్టు. అప్పుడు పట్టికలో లేని రంగు వెయ్యాలన్నా పడదు. డబ్బు పెట్టలేకపోతే లిబ్రెస్ప్రైట్ ఉచితం.

రెండోది, అంచు నుంచి లోపలికి చుట్టూ ఒకేలా లేతబరిచే అలవాటు. దిండులా ఉబ్బుతుంది తప్ప ఒళ్లు కనపడదు. వెలుగు ఎడమ పైనుంచి అనుకో, అన్ని బొమ్మలకీ అదే. ఎలుగు వీపు కుడివైపు, కడుపు కింద, తొడల మధ్య నీడ.

జుట్టు చింపిరిగా కనపడాలని వెంట్రుక వెంట్రుకా గీస్తే ఇసక జల్లినట్టుంటుంది. జుట్టు అంచులోనే చూపించు. మోచెయ్యి దగ్గర, మెడ దగ్గర, చెవి చివర మూడు నాలుగు కోసలు బయటికి లాగు, లోపల నున్నగా వదిలెయ్.

ఇంకొకటి, ఇది నవ్వులాటగా ఉంటుంది గానీ సగం బొమ్మలు ఇక్కడే పాడవుతాయి. ఒకరికొకరు వాట్సాప్‌లో ఫొటోగా పంపుకోకండి. అది జేపెగ్ చేసి నొక్కేస్తుంది, వందల రంగులొచ్చి అంచులన్నీ మురికవుతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, పీఎన్‌జీ అలాగే వెళ్తుంది.

వేరే రంగు ఎలుగు కూడా పెడతారు కదా, షైనీలాగ? గీత మార్చకు, పట్టిక మార్చు. 15 గళ్ల వరస రెండింటికీ ఒకటే ఉండాలి, సున్నా గడి పారదర్శకం. మార్చేటప్పుడు మార్పు కనపడేలా మార్చు. గార్చాంప్ షైనీకి, మామూలుదానికి తేడా వెతుక్కోవాలి. అదే గోల్డ్, సిల్వర్‌లో లేక్ ఆఫ్ రేజ్ దగ్గర ఎర్ర గ్యారాడోస్, నీలం ఎరుపైంది, అంతే. ఇన్నేళ్లయినా అందరూ దాన్నే చెప్తారు.


జీడితోట_27:

పంపకం సరిగ్గా మీరన్నట్టే, వస్తువుకి మూడు చొప్పున వేశాం. అప్పా, జీడినూనె మాట బాగుంది, ఒప్పుకున్నా. కవచం, పంచె, వల తీసేస్తాం. తప్పెట మాత్రం మనసొప్పట్లేదు. నామం ఛాతీ మీదే, తప్పెట కట్టేదీ ఛాతీ మీదే, రెండు చేతులా కొట్టుకునే ఎలుగు అంటే భలే ఉంటుంది కదా?


తేలుకుంచి_కొంగ:

ఉంటుంది, పోస్టరు మీద. ఆటలో ఉండదు. నీ ఎలుగుని ఆడేవాడు ఎక్కువసేపు చూసేది వీపు. ఎదుటివాడి జీవి ముందునుంచి, మన జీవి వెనకనుంచి కనపడుతుంది. పైగా నడుం కిందంతా మాటల పెట్టె కప్పేస్తుంది. ఛాతీ మీది తప్పెట, నామం, రెండూ పోయాయి. వెనక మిగిలేది ఓ నల్లటి గుట్ట. అందుకే ఏ జీవికైనా గుర్తు వెనకనుంచి కూడా కనపడేచోట ఉండాలి. బల్బసార్ గడ్డ వీపున ఉంటుంది, పికాచు చెవులు, మెరుపు తోక వెనకనుంచి ఇంకా బాగా కనపడతాయి.

కాబట్టి గుర్తు వీపునే పెట్టు. జీడిపిక్క ఆకారం ఒక్కటి పట్టుకో, ఆ వంపు. పిల్ల ముడుచుకుని పడుకుంటే పిక్క వంపు. రెండో రూపంలో గోళ్లు ఆ వంపు. మూడోదాంట్లో ఎలుగు వీపంతా, మెడ నుంచి తుంటి దాకా, ఒకే పెద్ద పిక్క వంపు, ముందుకి వంగి నిలబడినట్టు. కవచం గియ్యక్కర్లేదు, ఒళ్లే పిక్క. పండు ఎరుపు మెడ జుట్టులో, పిక్క రంగు వీపు మీద. ముందునుంచైనా వెనకనుంచైనా ఒకటే గీత. నిటారుగా నిలబెట్టకు, గొరిల్లా గొడవ కూడా దాంతోనే పోతుంది.

తప్పెటని పారెయ్యమనట్లేదు, వేరే జీవికియ్యి. బోదురుకప్పకి. వానలు పడగానే మగ కప్ప పసుపుపచ్చగా మారి, గొంతుకి రెండు పక్కలా నీలం తిత్తులు ఉబ్బించి అరుస్తుంది. రెండు నీలం తప్పెటలు, వాయించేదీ అదే, మోగేదీ అదే. తిత్తులు పక్కలకి ఉబ్బుతాయి కాబట్టి వెనకనుంచీ కనపడతాయి. మారడానికి షరతు వాన అని పెట్టు. స్లిగ్గూ 50వ లెవెల్ దాటాక వాన పడుతుంటేనే గూడ్రా అవుతుంది, ఆడేవాళ్లకి అలవాటైన పద్ధతే.

పొందూరు కూడా అంతే. ఎలుగుకి పంచె కట్టడం ఏం న్యాయం? పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు, ఆ దవడలో సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. జీవి అక్కడే ఉంది. దువ్వెన దవడ ఉన్న వాలుగ, ముదిరేకొద్దీ మెడచుట్టూ తెల్లటి దూది. ఖద్దరు గుడ్డ ఎక్కడా గియ్యకుండానే పొందూరు వాళ్లకి తెలిసిపోతుంది, తెలియనివాళ్లకి వింత చేపలా ఉంటుంది. రెండూ మంచిదే.

మా ఊరి కొంగని అడక్కుండానే చెప్తున్నా, పేరు అలా పెట్టుకున్నాక తప్పదు. తేలుకుంచికి వానాకాలం మొదట్లో వచ్చే నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తల్ని పట్టడానికి. పిల్లకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. ప్రకృతే నీకు రెండు రూపాలు గీసిచ్చింది. మొదటిది మూసిన ముక్కు, రెండోది సందున్న ముక్కు. 64 పిక్సెళ్లలో ఆ సందుకి కనీసం 2 పిక్సెళ్ల ఎత్తు, 7 లేదా 8 వెడల్పు ఇవ్వు, ఒక్క పిక్సెలైతే తప్పుగీత అనుకుంటారు. తేలినీలాపురం గూడబాతుకి మూడో రూపం పెట్టాలని మాత్రం ఆశపడకు. ఆ సంచి ముక్కు ఒక్కటి చాలు, ఒకే రూపంగా ఒగ్గీ. అన్నిటికీ మూడు రూపాలుండాలని ఎవరూ చెప్పలేదు.

విజయనగరం వైపు కూడా వెళ్తారేమో, ముందే చెప్తున్నా: సిరిమాను జోలికి పోవద్దు. అమ్మవారి సంబరాన్ని పట్టి పంజరంలో పెట్టే జీవిగా చేస్తే ఎంత బాగా గీసినా ఎవరూ బొమ్మ చూడరు. బొబ్బిలి వీణ అయితే పరవాలేదు. ఒకే పనసదుంగలోంచి తొలిచేది కాబట్టి చెట్టు జాతి జీవిగా బాగా ఒదుగుతుంది.


గంటస్తంభం:

పిక్క వంపు ఆలోచన నాకు నచ్చింది, దానికి ఒకటి కలుపుతా. మూడు రూపాల వరసలో ఒక ఆకారం, ఒక రంగు చివరిదాకా నిలవాలి, ఒకటేదో పెరగాలి. బల్బసార్ వీపున గడ్డ, 16వ లెవెల్‌కి ఐవీసార్‌లో మొగ్గ, 32కి వీనసార్‌లో పువ్వు. ఎవరూ వివరించక్కర్లేదు. తెగిపోతే ఏమవుతుందో బ్లాస్టాయిస్‌లో చూడొచ్చు. వార్టార్టిల్‌కి ఈకల్లాంటి చెవులు, కుచ్చుతోక ఉంటాయి. బ్లాస్టాయిస్‌కి వచ్చేసరికి రెండూ లేవు, చిప్పలోంచి ఫిరంగులొచ్చాయి. బొమ్మగా బాగుంది, వరసగా చూస్తే మధ్యవాడు దత్తపుత్రుడు. రెమొరెయిడ్ చేప ఆక్టిలరీ అయ్యేసరికి ఆక్టోపస్. తుపాకీ నుంచి ఫిరంగికి అన్న తర్కం తెలిస్తే సరే, తెలియకపోతే అతుకు.

మాజికార్ప్ 20వ లెవెల్‌కి గ్యారాడోస్ అవడం కూడా తెంపే గదా అనొచ్చు. అక్కడ జలపాతం ఎక్కిన చేప డ్రాగన్ అవుతుందన్న పాత కథ ఉంది. ఆ కథ తెలియని మనకి కూడా అది అతకడానికి కారణం కిరీటం లాంటి రెక్క, మీసాలు, తెరిచిన నోరు అలాగే ఉండటం.

నీ ఎలుగులో నిలిచేవి పిక్క వంపు, పండు ఎరుపు. పెరిగేది మంట. అందుకని రెండో రూపం చేతిలోని కొమ్మ తీసెయ్, మూడోదాంట్లో కొమ్మ లేదు కాబట్టి మధ్యలో ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాదు. బదులుగా వంశధార అప్ప చెప్పిన, పిల్లని వీపున మోసే సంగతి వాడుకోవచ్చా అని ఆలోచించా. వద్దు. కాంగాస్కాన్ సంచిలో పిల్లతో 1996 నుంచీ ఉంది, పోలిక పెడతారు.

పోలిక అన్నాను కాబట్టి ఇదొకటి. 2024 సెప్టెంబరులో నింటెండో, పోకెమాన్ కంపెనీ కలిసి పాల్‌వరల్డ్ అనే ఇలాంటి ఆట చేసిన పాకెట్‌పెయిర్ కంపెనీ మీద టోక్యో జిల్లా కోర్టులో దావా వేశాయి. చాలామంది బొమ్మల పోలిక మీద అనుకున్నారు గానీ అది పేటెంట్ల మీద, జీవిని పట్టే పద్ధతి లాంటి ఆట పనితీరు మీద. మీది పిల్లల ఆటే కావచ్చు, అయినా బంతి విసిరి పట్టడం పెట్టకండి. బుడితి ఇత్తడి చెంబు పెట్టండి. చెంబులో తిండి వేసి కింద పెడితే జీవే వచ్చి దూరాలి. పద్ధతి వేరు, మనది, పైగా చెంబు గియ్యడానికి 16×16 చాలు.


జీడితోట_27:

మూడోది మళ్లీ గీశాం. తల ఎడమకి, మూతి 7 పిక్సెళ్లు బయటికి, వీపు పిక్క వంపు, మెడ జుట్టులో ఎరుపు. సామాను మొత్తం పోయింది. 14 రంగులు. నీడ పరీక్షలో ఐదుగురికి చూపిస్తే నలుగురు ఎలుగు అన్నారు, ఒకరు అడవిపంది అన్నారు. పంది ఎందుకొచ్చింది?

పేరు కూడా తేలాలి. మొదటిది జీడిగుంటడు, రెండోది జీడెలుగు. మూడోదానికి మహాజీడెలుగు అనుకున్నాం గానీ పెట్టెలో పట్టట్లేదు. పైగా ఆట నడిపే ఇంజిన్‌లో వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి.


వంశధార_ఒడ్డు:

చెవులు చూడండి. నిక్కబొడుచుకుని కోసుగా ఉంటే పందే. గుండ్రంగా చేసి, పక్కలకి దించి, కింద రెండు కోసల జుట్టు వేలాడదియ్యండి. గోళ్లు నేల తాకేలా ముందుకి రానివ్వండి, పందికి గిట్టలుంటాయి గనక అక్కడ అనుమానం తీరిపోతుంది.

పేరులో మహా ఎందుకు? మంట కదా పెరిగింది. చుర్రుమనే ఎలుగు, చుర్రెలుగు.


పిక్సెల్_బావు:

చుర్రెలుగు ఖాయం చేసెయ్.

వత్తుల గొడవ ఇంజిన్‌ది. గోడో 3 అయితే తెలుగు గుణింతాలు, వత్తులు కలపదు, గోడో 4లో కలుపుతుంది. మారు. మారాక ఫాంటు ఒక్కటి మార్చి చూడు, ముందు సైజు 16లో ర్రె, ష్ట్ర లాంటివి చదవగలుగుతున్నామా అని. కింది వత్తు మాటల పెట్టె అంచుకి తగిలి తెగుతుంది, వరస ఎత్తు ఇంగ్లీషుకి పెట్టినదానికన్నా పెంచాలి.

పెట్టె కొలత 10 అక్షరాలని పెట్టుకున్నట్టున్నావు. కంప్యూటర్ లెక్కలో చుర్రెలుగు 10, జీడిగుంటడు కూడా 10. మన కంటికి మొదటిది నాలుగు అక్షరాలు, రెండోది అయిదు. లెక్క సరిపోయినా వెడల్పు వేరువేరు. పేరు పొడుగుని అక్షరాల్లో ఆపకు, పిక్సెళ్లలో కొలిచి ఆపు. 64×64 బొమ్మకి పేరు పెట్టె 72 పిక్సెళ్లు దాటనివ్వకు, దాటితే ప్రాణం గీత మీదికి ఎక్కుతుంది.